క్షమాపణ సభ ఆపించవలసినదిగా

చింతామణి,
తేదీ: 25-2-2008.

శ్రీ తహశీల్దారు గారి సముఖమునకు,
చింతామణి తాలూకా, చిక్కబళ్ళాపురం జిల్లా.

అర్జీదారు: అంజినప్ప, తండ్రి పేరు మునివెంకటప్ప, వయస్సు 49. స్వగ్రామము బాగేపల్లి తాలూకా గూళూరు. ఇరవై రెండేళ్లుగా చింతామణిలో నివాసము. వృత్తి: మారుతి సౌండ్స్ అను మైకుసెట్టు అంగడి (సభలకు, పెండ్లిళ్లకు, ఊరేగింపులకు, ఎకో సౌకర్యము కలదు).

విషయం: రాబోవు ఆదివారము 2-3-2008న పట్టణ మైదానములో జరుగనున్న "క్షమాపణ మరియు సన్మాన సమారంభము"నకు అనుమతి ఇవ్వకుండుట గురించి, అది వీలుకానియెడల నా కుమార్తె ప్రతిమను అందునుండి మినహాయించుట గురించి, అదియును వీలుకానియెడల ఆ పూట మైదానమునకు కరెంటు తీయించుట గురించి.

సూచిక: నేను లోగడ ఇచ్చుకున్న మూడు అర్జీలు. జవాబులు లేవు కనుక జత చేయలేదు.

అయ్యా,

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, ఇక్కడ అర్జీలు కన్నడములో ఇవ్వవలెనన్న నియమము నాకు తెలియనిది కాదు. ముందటి మూడూ కన్నడములోనే ఇచ్చితిని. టైపు కొట్టే ఆయన చేత మంచి మంచి మాటలు వేయించితిని. ఇంటికి తెచ్చి చదువుకుంటే ఎవరో పరాయివాళ్ల కూతురి సంగతి చదువుతున్నట్లు ఉండెను. అందుకని ఈ నాలుగవది నేనే, నా చేత్తో, ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాసుకుంటున్నాను. ఈ ధైర్యము ఇచ్చినది కూడా తమరే. మొన్న జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసినాక తమరు నా ఆంప్లిఫయరు దగ్గరికి నడిచి వచ్చి, "ఏమప్పా అంజినప్పా, మైకు బాగ పలికింది. మీ పాప యాడ, ఈ తూరి రాలేదే?" అని అడిగితిరి. నేను "పరీక్షలు స్వామీ" అంటిని. అది అబద్ధము. అప్పుడు ఏ పరీక్షలూ లేవు. ఆ అబద్ధము ముందుగా ఒప్పుకొని, అసలు సంగతులు ఈ కింద వరుస సంఖ్యలు వేసి దాఖలు చేస్తున్నాను. వరుస ఎక్కడైనా తప్పితే మన్నించవలెను. నేను మైకు మనిషిని, గుమాస్తాను కాను.

1. నా కుమార్తె ప్రతిమ, వయస్సు 19, డిగ్రీ రెండవ సంవత్సరము. మనిషి నలుపు. ఈ మాట అర్జీలో ఎక్కించవలసి వచ్చినందుకు నాకే కష్టముగా ఉన్నది, కానీ ఇది రాయకపోతే మిగిలినది తమకు అర్థము కాదు. నేనూ నలుపే. మా అమ్మ అక్కమ్మ నలుపే. గూళూరు ఎండలో వాన పడుతుందా లేదా అని ఆకాశము చూస్తూ సేద్యము చేసిన మా వంశమంతా నలుపే. దాన్ని గురించి ఇంతవరకు ఎవరూ సర్కారుకు రాసుకున్నది లేదు.

ఐదేళ్ల వయసు నుండి నా మైకు టెస్టింగు చేసినది ఆ పిల్లే. నేను "హలో హలో" అంటే కుక్క కూడా తల తిప్పదు. అది స్టూలు మీద నిలబడి "ఒందు, ఎరడు, మూరు" అని అంకెలు చెబితే అంగళ్లలో ఉన్నవాళ్లు బయటికి వచ్చి చూసేవారు. పెద్దయినాక సభలు నడిపేది నేర్చుకుంది. ఎవరిని వేదిక మీదికి పిలవాలి, ఎవరికి ఏ బిరుదు, ఎవరి పేరు తరువాత ఎవరి పేరు చెబితే ఎవరికి కోపము రాదు, అన్నీ కాగితము చూడకుండా చెప్పేది. మురుగమల్ల దర్గా ఉరుసులో తప్పిపోయిన పిల్లల పేర్లు ప్రతిమ మైకులో చెబితేనే ఆ తల్లులు ఏడుపు ఆపి వినేవారు. కన్నడమూ తెలుగూ ఉర్దూ మూడింటిలోనూ చెప్పేది. ఇది తండ్రి పొగుడుకోవడము కాదు, తమరు ఉరుసుకు వచ్చినవాళ్లను ఎవరినైనా విచారించుకోవచ్చు.

2. గత సంవత్సరము నవంబరు 25న పట్టణ మైదానములో కన్నడ రాజ్యోత్సవ సభ జరిగినది. నగర కళాభిమానుల సంఘము వారు బెంగళూరు నుండి ఒక సినిమా హాస్యనటుని పిలిపించిరి. ఆయన పేరు ఇక్కడ రాయడము లేదు. రాస్తే ఆయన అభిమానులు రేపే తమ దగ్గరికి ఎదురు అర్జీ తెస్తారు. సదరు నటుడు అని రాస్తాను. సభ నడిపినది ప్రతిమ. మైకుసెట్టు నాది.

ప్రతిమ ఆయనకు ఉన్న బిరుదులన్నీ చదివి స్వాగతము చెప్పినది. ఆయన లేచి మైకు అందుకున్నాడు. చింతామణి జనము తెలుగులో చెబితే ఎక్కువ నవ్వుతారని ఎవరో చెప్పి ఉంటారు, కన్నడము వదిలి తెలుగులోకి వచ్చినాడు. నా కూతురి తట్టు తిరిగి ఈ ప్రకారము అన్నాడు:

"ఏమ్మా, నువ్వు ఈ ఊరేనా, ఆఫ్రికానా? లైటు వేయండప్పా, నోట్లో పండ్లు తప్ప ఏమీ కనబడ్లేదు! అడివిలో నుంచి నేరుగా స్టేజి మీదికే వచ్చినావా?"

జనము నవ్విరి. కుర్చీలలో ఉన్నవాళ్లు, గోడ మీద కూర్చున్నవాళ్లు, పోలీసులు అందరూ నవ్విరి. సదరు మాట ధ్వనివర్ధకములో ఎకోతో కలిసి మైదానమంతా మూడు మార్లు మ్రోగినది. ప్రతిమ చేతిలో కార్యక్రమ పత్రిక ఉండెను. దాన్ని చూసుకొని, తరువాత మాట్లాడవలసిన వారి పేరు బిరుదులతో సహా తప్పు లేకుండా చదివి, దిగి వచ్చేసినది. ఆ పొద్దు నుండి ఈ పొద్దు వరకు మైకు ముట్టలేదు.

3. ఆ మాటను ఎవరో మొబైలులో పట్టిరి. వారము తిరిగేసరికి బస్టాండులో పాటలు ఎక్కించే అంగట్లో అది రింగుటోను అయినది. చిల్లర అంగడికి పోతే ఎవడి జేబులోనో "ఆఫ్రికానా... కానా... కానా..." అని మోగుతుంది. వాడు ఫోను ఎత్తేదాకా మనము అక్కడ పప్పు తూకము చూస్తూ నిలబడాలి. నా భార్య హనుమక్క ఆ పొద్దు నుండి అంగడికి పోవడము మానేసినది. తరువాత టీవీ వాళ్లకు చిక్కినది. బెంగళూరులో చదువుకునే ఆఫ్రికా దేశాల విద్యార్థులు అది చూసి, మమ్మల్ని అడివి మనుషులంటావా అని సదరు నటుని ఇంటి ముందర కూర్చున్నారు. వాళ్ల కోపము న్యాయమే. అక్కడి నుండి క్షమాపణలు మొదలైనవి.

4. క్షమాపణల వివరము:

మొదటిది ఆఫ్రికా ఖండమునకు. అక్కడ యాభైకి పైన దేశాలు ఉన్నాయట, అన్నిటికీ ఒకే తూరి చెప్పినాడు. రెండవది కర్ణాటక ప్రజలకు. కన్నడనాడు ఆడపిల్లను పరదేశి అన్నావని ఒక సంఘమువారు పట్టుకున్నందువలన. మూడవది చింతామణి తాలూకాకు, పత్రికలో, చేతులు జోడించిన ఫోటోతో. నాలుగవది తన అభిమానులకు. ఈ గొడవ వలన వాళ్ల మనసు నొచ్చుకున్నదట. నాలుగింటిలోనూ ఒకే మాట, "ఎవరి మనసుకైనా నొప్పి కలిగి ఉంటే" అని. కలిగి ఉంటే ఏమిటి స్వామీ? ఎవరికి కలిగినదో ఆయనకు తెలియదా? ఆయన నిలబడిన చోటికి మూడడుగుల దూరములో పిల్ల నిలబడి ఉండినది గదా!

పేరు పెట్టి నా కూతురికి చెప్పిన క్షమాపణ ఇందులో ఒకటీ లేదు. అది కూడా పోనిమ్మందాము. టీవీలో క్షమాపణ చూపించాలంటే ముందు ఆ తప్పు ఏమిటో చూపించాలి గదా. కాబట్టి ప్రతి క్షమాపణకు ముందు ఆ మాట, ఆ నవ్వు, నా కూతురి ముఖము మళ్లీ వేస్తారు. తప్పు చేసినది ఒక తూరే. క్షమాపణ అడిగే కొద్దీ అది పెరుగుతున్నది. ఏ తల్లి కన్న బిడ్డకైనా ఎన్ని మార్లు అదే అవమానము జరగాలి?

5. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది, దాఖలు చేస్తున్నాను. నా మొదటి అర్జీతో నేను ప్రతిమ జనన ధ్రువపత్రము, రేషను కార్డు నకలు, బడి దాఖలా జత చేసితిని. "నా కుమార్తె ఆఫ్రికా దేశస్థురాలు కాదనియు, ఇదే తాలూకాలో పుట్టినదనియు ధ్రువపరచవలెను" అని రాయించితిని. ఆ పొద్దు అది మంచి ఉపాయముగానే తోచినది.

జనవరిలో ఒకనాడు పగటిపూట డేవిడ్ అనే విద్యార్థి మా అంగడికి వచ్చినాడు. టాంజానియా దేశమువాడు, బెంగళూరులో ఇంజనీరింగు. సదరు నటుని ఇంటి ముందర కూర్చున్నవాళ్లలో ఒకడు. బస్సులో వచ్చి, అడుగుకొక మనిషి నిలబడి చూస్తుండగా మారుతి సౌండ్స్ ఎక్కడ అని అడుగుతూ నడిచి వచ్చినాడు. వచ్చీరాని కన్నడము, మిగిలినది ఇంగ్లీషు. ప్రతిమ పక్కన నిలబడి మెల్లగా నాకు చెబుతూ వచ్చినది. మేము ధర్నా చేసినందువల్లనే నీ ముఖము టీవీలో మళ్లీ మళ్లీ వచ్చినది, ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు, నన్ను క్షమించు అని ఆ పిల్లవాడు ప్రతిమను అడిగినాడు. నేను పొంగిపోయి, నా అర్జీ నకలు, జత చేసిన కాగితాలు అన్నీ తీసి చూపించితిని. వాడు జనన ధ్రువపత్రము చాలాసేపు చూసి ఏమో అడిగినాడు.

"ఏమంటాండాడమ్మా?" అంటిని.

"నేను వాళ్ల దేశమే అయ్యుంటే అప్పుడు ఆ మాట సరిపోతాదా అని అడుగుతాండాడు నాయనా," అన్నది.

టీ తెప్పించితిని. వేరే ఏమి చేయవలెనో తోచలేదు. ఆ జత కాగితాలను ఉపసంహరించుకొనుటకు రెండవ అర్జీ ఇచ్చితిని. ఇంతవరకు మా ఇంటికి వచ్చి, నా బిడ్డ ముఖము చూసి, క్షమించమని అడిగినవాడు ఆ ఒక్కడే. ఏ తప్పూ చేయనివాడు.

6. ఇక ఆదివారము సభ సంగతి. కళాభిమానుల సంఘము అధ్యక్షులు, జవుళి అంగడి శ్రీనివాసమూర్తిగారు ఈ నెల పదవ తేదీన మా ఇంటికి దయచేసిరి. ఆయన చెడ్డ మనిషి కాదు. అదే నా కష్టము, చెడ్డవాడైతే రెండు మాటలు అని పంపించి ఉందును. జరిగిన సంభాషణ ఇది:

"అంజినప్పా, మంచి వార్త. ఆయప్పే వస్తాండాడు, క్షమాపణ అడిగేకి. మన ఊరికే వచ్చి, మన స్టేజి మీదనే అడుగుతాడంట. ఇంక నీకు ఏం కావల్లప్పా?"

"ఇంటికి రమ్మనండి. కాపీ తాగి, పాపతో ఒక మాట చెప్పి పోతే చాలు."

"ఇంటికొస్తే ఎవురికి తెలుస్తాది? నలుగురిలో అన్న మాట నలుగురిలోనే తీసుకోవల్ల గదా. అంతా సిద్ధం చేసినాము. మైసూరు పేట తలపాగ, శాలువ, గంధం హారం, పండ్లబుట్ట..."

"పాపకా?"

శ్రీనివాసమూర్తిగారు నన్ను పసిపిల్లవాణ్ణి చూసినట్లు చూసిరి. "ఆయప్పకు! బెంగళూరు నుంచి అంత పెద్దమనిషి వస్తే వట్టి చేతులతో పంపిస్తామా? ఊరి మర్యాద ఉండాది గదప్పా. పేట పెట్టేది మాత్రం పాప చేతనే. అప్పుడే క్షమించినట్ల లెక్క. ఫోటోకు కూడా బాగుంటాది."

తమరు ఈ తాలూకాకు వచ్చి ఎన్నో సభలు చూసినారు. మన దగ్గర వేదిక ఎక్కినవానికి శాలువ కప్పకుండా దింపే ఆచారము లేదు. ఉపన్యాసము ఇచ్చినవానికి, చందా ఇచ్చినవానికి, బదిలీ అయి పోయేవానికి, వచ్చినవానికి, అందరికీ ఒకటే శాలువ, ఒకటే బుట్ట. తప్పు ఒప్పుకొనేకి వచ్చినవానికి ఏమి చేయాలో మన దగ్గర పద్ధతి లేదు. కాబట్టి ఆ పద్ధతే ఈయనకూ పెట్టిరి. నన్ను అవమానించినవాని నెత్తిన నేనే కిరీటము పెట్టాలా అని నా కూతురు అడగలేదు. తలుపు పక్కన నిలబడి, "నేను రాను నాయనా," అన్నది, అంతే.

"ఒక్క నిమిషమే గదమ్మా. పెద్ద మనసు చేసుకో," అని శ్రీనివాసమూర్తిగారు లేచిరి. లేస్తూ నా చేతికి ఒక కాగితము ఇచ్చి సంతకము పెట్టమనిరి. బాధితురాలి తండ్రి ఒప్పుదల పత్రము. సభ అనుమతి కోసము తమ కచేరికి చేరి ఉంటుంది. దాని కింద ఉన్న సంతకము నాదే, దొంగది కాదు. ఆయన పెన్ను మూత తీసి పట్టుకొని నిలబడి ఉండిరి, నాకు మొగమాటము అడ్డమొచ్చినది. అట్లాంటి సంతకము చెల్లుతుందా చెల్లదా అన్నది తమరు చట్టము చూసి చెప్పవలెను. ప్రతిమ తలుపు దగ్గర నుండి నేను సంతకము పెట్టడము చూసినది.

మైకుసెట్టు కూడా నాకే చెప్పిరి. "వేరేవాళ్లకు ఇస్తే నీకు అవమానం గదా," అనిరి.

6-అ. (ఇది ముందే రాయవలసినది, మరిచితిని.) బస్టాండు ఎదుట ఫ్లెక్సు కట్టిరి. పైన సదరు నటుడు చేతులు జోడించి నిలువెత్తున ఉన్నాడు. కింద మూలకు గుండ్రములో ఒక తెల్లని ఆడపిల్ల. ఎవరో అనుకొని పోబోతిని. తరువాత ఆ జడ, ఆ చెవి పోగులు చూసి ఆగితిని. ఫ్లెక్సు అంగడి మోహన్‌కుమార్‌ను పోయి అడిగితే, "కంప్యూటర్లో కొంచెం తెల్లగ చేసినామన్నా, పాప బాగ కనబడల్ల గదా," అన్నాడు. మంచికి చేసినట్లే చెప్పినాడు. ఆ మాట అన్న నటునికన్నా ఈ పని చూసి నాకు ఎక్కువ మండినది, కానీ వానిని కూడా ఏమీ అనలేకపోయితిని, మూడవ అర్జీ దాని మీదనే ఇచ్చితిని. ప్రతిమ కాలేజీకి పోయే దారి అదే. ఇప్పుడు సందుల్లో తిరిగి పోతున్నది.

7. నా కుమార్తె ప్రస్తుత స్థితి: తింటుంది, చదువుకుంటుంది, ఇంటి పని చేస్తుంది. కానీ గొంతు ఎత్తడము లేదు. మంచినీళ్లు కావాలన్నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్లు చెబుతుంది. మొదట్లో జలుబు అనుకుంటిమి. డాక్టరుకు చూపిస్తే గొంతులో ఏమీ లేదు అన్నాడు. హనుమక్క నన్ను పట్టుకొని ఏడ్చినది. "మైకు లేకుండా నాలుగు వీధులు వినబడే గొంతు. ఇంట్లో వినబడకుండా పోయిందే!" అన్నది. అట్లాంటి పిల్లను మళ్లీ అదే మైదానములో, అదే మెట్లు ఎక్కించి, అదే మనిషి పక్కన నిలబెట్టి, చేతిలో పేట పెట్టి నవ్వమంటారు. ఆ మాటను మళ్లీ ఒకసారి తెర మీద చూపిస్తారట కూడా, దేనికి క్షమాపణో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియాలని.

8. కావున ప్రార్థించేది: ఆ సభకు అనుమతి ఇవ్వవద్దు. ట్రాఫిక్కు అనండి, ఎండ అనండి, పదవ తరగతి పరీక్షలు అనండి, కారణాలు నాకన్నా తమకు ఎక్కువ తెలుసు. అనుమతి ఇచ్చేసి ఉంటే నా కూతురి పేరు అందులో నుండి కొట్టివేయించండి. ఆయన కావాలంటే తన పేట తానే పెట్టుకోనీయండి. ఈ రెండూ తమ చేతిలో లేనియెడల, ఆ పొద్దు పదకొండు నుండి ఒంటిగంట దాకా కరెంటు తీయించండి. రోజూ ఎట్లాగూ తీస్తున్నారు, ఆ రెండు గంటలు అప్పటికి జరిపితే చాలు. జనరేటరు నాదే. అది ఆ పొద్దు స్టార్టు కాదని నేను పూచీ ఇస్తున్నాను. ఇరవై రెండేళ్లలో కరెంటు పోవాలని మొక్కుకున్న మైకువాడు నేనొక్కడినే అయి ఉంటాను.

సదరు నటుని మీద కేసు పెట్టమని నేను అడగడము లేదు. జైలుకు పంపమని అడగడము లేదు. ఇంక క్షమాపణ అడగవద్దని ఆయనకు చెప్పండి, అంతే అడుగుతున్నాను.

ఇంతకు మించి రాసుకొనుటకు నాకు శక్తి లేదు. తమరు ఒక ఆడపిల్ల తండ్రిగా చదివి, అధికారిగా చిత్తగించవలెను.

తమ మాట కోసము ఎదురుచూచు విధేయుడు,
అంజినప్ప
మారుతి సౌండ్స్

సంతకము పెట్టిన తరువాత రాసుకున్నది:

అయ్యా, సంతకం ఆరే దాకా కాగితం బల్ల మీద పెట్టి ఉంటిని. ప్రతిమ అంగట్లోకి టీ తెచ్చింది. ఏమిది నాయనా అని తీసుకొని, నిలబడే మొత్తం చదివింది. నేను వైర్లు చుట్టుకుంటూ ఉంటిని. చదివి, వెనక్కి తిప్పి, రెండవ అంశం దగ్గర వేలు పెట్టింది.

"నాయనా, 'ఎకోతో కలిసి మ్రోగినది' అని రాసినావే. అది దానంతట అదే మోగిందా?"

నేను వైరు చుట్టేది ఆపలేదు.

"ఆయప్ప ఎవురి మనసుకైనా అన్నాడని అంత కోపంగా రాసినావు. ఎకో ఎవురు పెట్టినారని ఎందుకు రాయలేదు?"

స్వామీ, మా పనిలో ఒక అలవాటు ఉంది. పెద్ద అతిథి చమత్కారంగా ఏదైనా అన్నాడంటే, ఆ మాట చివర పట్టుకొని ఎకో గుండీ తిప్పాల. అట్లా తిప్పితే అతిథికి సంతోషం, జనం నవ్వు రెట్టింపు, మరుసటి సభ కూడా మనకే చెబుతారు. ఇరవై రెండేళ్ల అలవాటు. ఆయన గొంతు పైకి లేచింది, ఇప్పుడు నవ్వు వస్తుంది అని నా చేతికి తెలిసింది. మాట నా చెవిలో పడే లోపల చెయ్యి తిప్పేసింది. తిప్పి, నేను కూడా నవ్వినాను. అందరితోపాటు, బాగానే నవ్వినాను. ఆ మాట ఎవరి మీద అన్నాడో తలకు ఎక్కేసరికి అది మూడు తూర్లు మైదానం చుట్టి వచ్చింది. ప్రతిమ ఆయప్ప తట్టు చూడలేదు, జనం తట్టు చూడలేదు. నా తట్టు చూసింది. నా నోరు ఇంకా తెరిచే ఉండింది.

ఊరంతా ఫోన్లలో మోగే ఆ "కానా... కానా..." ఆయప్పది కాదు. నాది.

మూడు నెలలయింది. ఆయప్ప నాలుగు తూర్లు చెప్పినాడు, తప్పుగానో ఒప్పుగానో. నేను ఒక తూరి కూడా చెప్పలేదు. చెప్పాలని పాప ఎదురుగా పోయి నిలబడతాను. నీళ్లు తాగినావా అమ్మా అని అడిగి వచ్చేస్తాను. నాలుగు అర్జీలు రాసినాను, సర్కారుకు, ఊరి మీద, నటుని మీద, ఫ్లెక్సు మీద. ఈ ఒక్క మాట రాయకుండా ఉండేకి ఇన్ని కాగితాలు ఖర్చు పెట్టినానని ఇప్పుడు తోస్తాంది.

ప్రతిమ కాగితం బల్ల మీద పెట్టి, "ఆయప్ప పిలిచి చెప్పినా, ఇంటికొచ్చి చెప్పినా నాకేం నాయనా. ఆయప్ప ఎవురు?" అని, టీ గ్లాసు తీసుకొని పోయింది. అంత పెద్ద మాట దాని నోట విని మూడు నెలలయింది. అది కూడా మెల్లగానే అన్నది.

కాబట్టి రెండవ అంశం ఇట్లా దిద్దుకొని చదువుకోవలసినది: ఎకో పెట్టినవాడు అర్జీదారు అంజినప్ప. నవ్వినవాడూ అంజినప్పే. తప్పయిపోయింది తల్లీ ప్రతిమా, నన్ను క్షమించు.

ఈ చివరి మాట తమకు రాసినది కాదు. అయినా కొట్టివేయకుండా ఉంచుతున్నాను. సభ ఆపేది, ఆపనిది తమ దయ. ఈ అర్జీ రెండు ప్రతులు తెస్తున్నాను. ఒకటి తమ కచేరిలో ఉంచుకొని, రెండవదాని మీద చేరినట్లు ముద్ర వేసి, తేదీ వేసి, నాకు తిరిగి ఇప్పించండి. ఇంటికి తీసుకుపోయి పాప చదువుకునే బల్ల మీద పెడతాను. నోటితో చెప్పేది నాకు చేతకాలేదు, సర్కారు ముద్ర ఉంటే కాగితం చెబుతుందేమో అని ఆశ.

ముద్ర మాత్రం ఆ చివరి మాట మీద పడకుండా గుద్దమని చెప్పండి. ఆ పిల్ల చదవాల.